కొట్టంలో పడక

హలో… ఆ, నేనేనే. నీ తోటికోడలు కాక ఈ ఫోను ఇంకెవరు ఎత్తుతారు?… వినపడుతోందిలే, అరవకు. ఆసుపత్రిలో అందరూ నిన్నే చూస్తుంటారు.

ముందు నా మాట విను. ఎదురింటి టైలరమ్మ ఏమందో తెలుసా? “మీ మరిది కొడుక్కి వచ్చింది ఉత్త జ్వరం కాదట, నల్లజ్వరమట! పొట్ట కుండలా ఉబ్బుతుందట. పక్కన పడుకుంటే చాలు, అంటుకుంటుందట…” ఆ. అన్నది ఆవిడే, నేను కాదు.

…ఈగా?… ఇసుక ఈగ కుడితేనా? ఏనుగంత జ్వరం తెచ్చేది నువ్వుగింజంత ఈగా!… డాక్టరుకేం, చెప్తాడు. ఆయనేమైనా ఇక్కడ కాపురం ఉంటున్నాడా?

…దూరం ఎగరలేదూ? గంతులేస్తూ పోతుందా… గోడ బీటల్లో, పేడ తడిలో పుడుతుందా… అంటే నా కొట్టంలో పుట్టిందంటావ్! నోరు జాగ్రత్త. నా ఆవుల పాలు తాగే పెరిగారు నీ పిల్లలు.

…ఈగల మందా? ఆసుపత్రి వాళ్ళొచ్చి గోడలకి కొట్టి వెళ్ళారు. నేనేం కాదనలేదు. గోడల నిండా తెల్లటి మరకలు… చూడలేక మర్నాడే మట్టి మెత్తేశాను… అయితే? మందెక్కడికి పోతుంది, లోపలే ఉందిగా!… ఇదెక్కడి చోద్యమే, గోడ మెత్తినా ఏడుపేనా?

…పిచ్చుకా? బానే ఉంది నీ కూతురు. పెట్టింది తింటోంది… ఇంట్లో ఎందుకు పడుకుంటుంది? తమ్ముడి పక్కలో పడుకున్న పిల్ల. ఆ జ్వరం నా పిల్లలకి అంటితే నువ్వొచ్చి చూస్తావా?

…ఎక్కడేమిటి, కొట్టంలో. ఆవుల పక్కన, వెచ్చగా… వానలు తగ్గిన దగ్గర్నించీ అక్కడే. చాప కూడా వేశాను, నేనేం రాక్షసినా?

…కుడితే గోక్కుంటుంది. పల్లెటూరి పిల్లకి దద్దుర్లు కొత్తా? గోరంత దాన్ని కొండంత చెయ్యకు.

…ఇంట్లోకా? కుదరదు… ఫోను మీ బావగారికి ఇవ్వను, ఆయనదీ ఇదే మాట… కాళ్ళు పట్టుకుంటావా? ఫోన్లోనా? భలేదానివే!

…ఇప్పుడా? పడుకునే ఉంది… పొద్దెక్కినా లేవదు. పేడ తియ్యమంటే కళ్ళు కూడా తెరవదు, మహారాణి…

…జ్వరమా? ఉంది. అందుకేగా ఇంట్లోకి రానివ్వనిది.