ఎయ్రి పడవలో ఆరోవాడు

పాస్టర్ గారూ, అమ్మా హఫ్దీస్, ఎయ్రి రేవు నుంచి ఇంత మంచులో పడి వచ్చిన పెద్దలారా, మిత్రులారా!

మన స్వావా అమ్మమ్మ పోయింది. ఇందాకే మట్టి చేసి వచ్చాం. మీ చేతుల్లో కాఫీ కప్పులున్నాయి, బల్ల మీద ఆమె పోసినట్టే పల్చగా పోసిన అట్లున్నాయి. ఇలాంటి చోట పోయినవాళ్ల మంచితనం గురించి నాలుగు ముక్కలు మాట్లాడి కూర్చోవాలి. నేనూ అలాగే రాసుకొచ్చాను. కానీ ఆ కాగితం చూసి చదవడానికి సిగ్గేస్తోంది. నా పేరు స్టైన్‌థోర్. పట్నంలోని పరిశోధన గ్రంథాలయంలో పాత రాతప్రతుల విభాగం నాది. ఆమె విషయంలో మేం చేసింది మీకు కొంతే తెలుసు. మిగతాది చెప్పాల్సినవాణ్ణి నేనే, అందుకే లేచాను.

ఆమె ఇంట్లో ఒక పుస్తకం ఉండేది. ముత్తాత కెటిల్ చేత్తో రాసిన పద్యాలు. చలికాలం సాయంత్రాలు ఇంటిల్లిపాదీ ఉన్ని వడుకుతూ కూర్చుంటే, ఒకరు గొంతెత్తి చదవడానికి రాసినవి. పేజీల మధ్య గుర్తుకోసం పెట్టిన కొట్టు చీటీలు, మిఠాయి కాగితాలు. చివరి అట్ట లోపల ఆయన గీసిన పటం: మన సముద్రపాయ, చేపలు పడే చోట్లు, నీళ్ల కింద కనపడని బండలు. ఆ పద్యాలన్నిటిలోకీ పెద్దది ఎయ్రి నుంచి వేటకెళ్లి తిరిగిరాని పడవ మీద. పడవలో ఆరుగురు. ఒక్కొక్కరికీ ఒక్కో పాదం, పేరుతో సహా. మీలో సగంమంది వాళ్ల సంతతే.

ఇంటి కప్పు కారడం మొదలయ్యాక పుస్తకం తడుస్తుందని భయపడింది. పోయిన భర్త స్వెట్టర్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, బస్సులో మా దగ్గరికి తెచ్చింది. ఒకే ఒక్క మాట అడిగింది: "నేనొచ్చినప్పుడు కాసేపు చదువుకోనిస్తారు కదా?" అదేం మాటమ్మా, పుస్తకం మీదే అన్నాం. అన్నది నేనే.

మిత్రులారా, మాకు కావాల్సింది ఆ పటం. దాచడమెందుకు? దాన్ని చూసి పండితులు పొంగిపోయారు. పెద్దది చేసి గోడకెక్కించాం. గుడ్డసంచుల మీద అచ్చేసి అమ్మాం. ఇక్కడ కూడా ఒకటి రెండు సంచులు కనిపిస్తున్నాయి. దాచకండి, తప్పు మీది కాదు. మరి పద్యాలు? మాలో ఒక్కరైనా చదివారా? నేను చదివానా? లేదు. చలికాలం కోసం కష్టపడి రాసిన మనిషి రాత మొత్తాన్నీ ఆ పటానికి అట్టగా చూశాం.

మొదటిసారి ఆమె వచ్చినప్పుడు పుస్తకం తెచ్చి ముందు పెట్టాం. తీసింది, గొంతు సవరించుకుంది, రాగం అందుకుంది. చదువుకునే గదిలో! తలలన్నీ పైకి లేచాయి. ఎవరో పరిశోధకుడు నా వైపు చూశాడు. నేను వెళ్లి, మనసులో చదువుకోమన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మనసులో చదవడానికి ఇంత దూరం ఎందుకయ్యా? మనసులో ఉన్నది ఇంట్లోనే చదువుకుంటాగా!" అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండోసారి వచ్చేసరికి పుస్తకం పెట్టెలో పడింది. కాగితం పెళుసుబారిందనీ, ఫొటోలు తీసేదాకా ఎవరూ ముట్టకూడదనీ మేమే నిర్ణయించాం. ఫొటోలకి వరస ఉంది, ఆ వరసలో ఆమె పుస్తకం ఎక్కడో వెనక. ఇదంతా నేను వివరంగా చెప్పాను, చాలా మర్యాదగా చెప్పాను. ఆమె అంతా విని, "ఏమయ్యా స్టైన్‌థోర్, మా తాతని నీ దగ్గర బడిలో వేశాననుకున్నాను, జైల్లో వేశావా? జైల్లో అయినా ఆదివారం చూడనిస్తారే!" అంది. అయినా కోపగించుకోలేదు. సంచిలోంచి అట్ల డబ్బా తీసి నా చేతిలో పెట్టి వెళ్లింది. ఆ అట్లు మేం తిన్నాం. లొట్టలేసుకుంటూ తిన్నాం.

ఇక మూడోది. ఇది చెప్పలేకే ఇంతసేపు సాగదీశాను.

ఈ శీతాకాలమే. సాయంత్రం గ్రంథాలయం మూసి బయటికొస్తే, ఎదురుగా బస్సు ఆగేచోట ఆమె నిలబడి ఉంది. బస్సు కోసం నిలబడ్డ జనానికి పడవ పద్యం వినిపిస్తోంది. చెవుల్లో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లు తీసేసి మరీ వింటున్నారు. ఒకడు, ఇద్దరు, ముగ్గురు, అలా ఐదుగురి పాదాలు వచ్చాయి. ఆరోది రాలేదు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. నన్ను చూసి ఆమె మొహం చేటంతైంది. "దేవుడిలా వచ్చావు! ఐదుగురు ఒడ్డుకొచ్చారయ్యా, ఆరోవాడు రావడం లేదు. వాడి పేరే తట్టడం లేదు. కాస్త లోపలికెళ్లి చూసి చెప్పు నాయనా, నీకు పుణ్యముంటుంది" అంది.

తాళంచెవి నా జేబులోనే ఉంది. తలుపు రోడ్డుకి అటువైపే ఉంది. పుస్తకం ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. నేనేం చేశాను? వేళ దాటిపోయింది, అర్జీ పెట్టండి, పరిశీలించి జవాబిస్తాం అన్నాను. ఆమెకి మతిమరుపు ముదురుతోందని నాకు తెలియదు. కానీ తెలియకపోతే మాత్రం? ఒక ముసలామె చలిలో నిలబడి ఒక పేరు అడిగితే, జబ్బు సంగతి తెలిసుంటేనే చూసి చెప్పాలా?

ఆమె అర్జీ పెట్టింది. బల్లల మీద తిరిగి తిరిగి మంజూరైంది. ఈలోపు ఆమె ఆసుపత్రిలో చేరింది. ఆమె మనవరాలు హఫ్దీస్ ఈ పొద్దున నాకు చెప్పింది: ఆఖరిరోజుల్లో మనవరాలి పేరు కూడా గుర్తులేదట, కానీ ఆ పద్యం ఎత్తుకునేదట. ఐదుగురి దాకా చెప్పి ఆగి, మంచం చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటీ చూసేదట, ఎవరైనా అందిస్తారేమోనని. ఎవరు అందిస్తారు? ఉన్నది ఒక్కటే ప్రతి. అది మా పెట్టెలో భద్రంగా ఉంది. చాలా భద్రంగా ఉంది!

ఆమె పోయిన మర్నాడు నేను పెట్టె తెరిచి ఆ పేజీ తీశాను. అర నిమిషం పట్టింది.

అయ్యలారా, అమ్మలారా, నన్ను క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేదు. ఇవాళ పొద్దున ఆ పుస్తకాన్ని ఎవరి అనుమతీ అడక్కుండా తెచ్చాను. అదిగో, అట్ల పళ్లెం పక్కనే ఉంది. ఇదేదో గొప్పపని అనుకోకండి, ఇది చేయాల్సిన రోజు చేయలేదు.

పెద్దవాళ్లు పోతే మౌనం పాటించడం మన ఆచారం. ఆమెకి ఆ మౌనాన్ని బతికుండగానే బలవంతంగా అంటగట్టినవాణ్ణి, ఇప్పుడు మిమ్మల్ని మళ్లీ అదే అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను. అందరూ లేచి నిలబడండి. కప్పులు కింద పెట్టండి. కాసేపు మౌనంగా ఉందాం. ఆ తర్వాత హఫ్దీస్ వాళ్ల అమ్మమ్మ రాగంలోనే పద్యం మొదలుపెడుతుంది, ఐదుగురి దగ్గర ఆగదు. ఆరోవాడి పేరు విన్నాక, వాడు మీలో ఎవరి తాతో వాళ్లు పలకండి. దయచేసి గట్టిగా పలకండి.