పోలమ్మ కొట్టమన్న మాట

"మామ్మగారూ, మా సూపర్‌వైజర్ నన్నన్న మాటలు కంప్లయింటులో ఉన్నదున్నట్టు రాయొచ్చంటారా? బాగోదేమో కదండీ?"

బాగోదా? అయ్యో నా తల్లీ! ఇలా కూర్చో, ఆ ఫ్యాను కాస్త పెంచు. ఉండవే, నవ్వొస్తోంది నాకు. గవర్నర్‌పేటలో మాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది కదా, మెట్ల కింద... కాదు కాదు, మెట్ల కిందకి తర్వాత మారాం, అప్పటికింకా మేడ మీదే. తెలుగు మిషన్ మీద అర్జీలన్నీ నేనే కొట్టేదాన్ని, పేజీకి రెండ్రూపాయలు. ఇప్పుడు దానికి టీ కూడా రాదు, సరేలే.

ఓ పొద్దున పోలమ్మ వచ్చింది. బందరు వైపు మనిషి, మన మార్కెట్లో చేపలమ్మేది. ఆవిడ తట్ట పెట్టుకునే చోటు మీద పక్క కొట్టు యజమాని ఒకడి కన్ను పడింది. లేవమన్నాడు, ఈవిడ లేవలేదు. నలుగుర్లో నోటికొచ్చినట్టు తిట్టి, తట్ట తన్నేశాడు. చోటు పోతే ఇంటిల్లిపాదీ పస్తే గదా! అందుకని మార్కెట్ సంఘానికి అర్జీ.

నేను అలవాటు కొద్దీ "అసభ్య పదజాలంతో దూషించినాడు" అని కొట్టి, చదివి వినిపించా.

"ఇదేంటమ్మా, ఆడు నన్నేదో ఇంగ్లీషులో మెచ్చుకున్నట్టుంది! ఆడన్నదే కొట్టండి" అంది. అని, చెప్పింది చూడూ... యా అల్లా! మేడంతా వినపడేట్టు! టైపు నేర్చుకునే పిల్లలు మిషన్లు ఆపేశారు. మా ఆయన సంగతి తెలుసుగా, 'ఛీ' అనడం కూడా ఎరగని మనిషి, "టీ తాగొస్తా" అని జారుకున్నారు.

"పద్ధతిగా రాస్తే మర్యాద పోలమ్మా" అన్నా.

"ఎవరికమ్మా మర్యాద? నాకా, ఆడికా?" అంది.

ఆ కాగితం లాగేసి కొత్తది ఎక్కించా. కొట్టా. కార్బన్ పెట్టి మరీ కొట్టా. చెవులు వేడెక్కిపోయాయనుకో.

సంఘం వాళ్లు పిలిచిన రోజు నన్నూ లాక్కెళ్లింది. ప్రెసిడెంటుగారు చక్కగా చదువుతూ చదువుతూ, అక్కడికొచ్చేసరికి దగ్గారు. పక్కాయనకిచ్చారు. ఆయన కళ్లజోడు తుడుచుకుని సెక్రటరీకిచ్చాడు. సెక్రటరీకీ దగ్గే! పోలమ్మ లేచి, "అన్నోడు ఎదురుగానే ఉన్నాడు గదండీ, ఆడి చేతే చదివించండి" అంది.

వాడి చేతికిచ్చారు. కొట్టు వాళ్లమ్మ పేరు మీదుందని ఆవిణ్ణీ పిలిపించారులే, పక్కనే కూర్చునుంది పెద్దావిడ. వాడు నోరు తెరిచాడు, మూశాడు. ఒకటే చెమటలు. "చదవరా నాన్నా, ఏం రాశారో" అంటుంది ఆవిడ! అబ్బ, ఉండవే, పొట్ట నొప్పెడుతోంది... చివరికి ఆ కాగితం మడిచేసి, "తప్పయిపోయిందక్కా, నీ చోటు నీదే" అన్నాడు తల దించుకుని.

నేను ముందు కొట్టిందే ఉంచుంటేనా, గడగడా చదివేసి పోయేవాడు!

ఏవిటీ? ఇంతకీ ఏం మాటా? ఛీ, పో! నోటితో చెప్తానేంటే? కావాలంటే మిషన్ తీసుకురా, కొట్టి పెడతా.

నువ్వు మాత్రం ఉన్నదున్నట్టు రాయి తల్లీ. సిగ్గుపడాల్సింది అన్నవాడు, నువ్వు కాదు. నీ చెయ్యి చల్లగుండ... అదిగో, "చదవరా నాన్నా" అంటే మళ్లీ నవ్వొస్తోంది...