చూశాను, తప్పులేమీ లేవు

సాయంత్రం. వంటింటి బల్ల దగ్గర పెద్ద కోడలు, ఆమె భర్త. బల్ల మీద చిన్న కోడలు పొద్దున ఇచ్చివెళ్ళిన రిపోర్టు. తోడికోడళ్ళిద్దరూ జనాభా లెక్కల ఆఫీసులోనే పనిచేస్తారు.

“చూశావా, లేదా? అదొక్కటి చెప్పు.”

“చూశానండీ. ఎన్నిసార్లు అడుగుతారు?”

“చూస్తే మరి ఆ నవ్వెందుకు? ఇంటికొచ్చినప్పటినుంచీ నీలో నువ్వే నవ్వుకుంటున్నావు.”

“నవ్వక ఏడవమంటారా? మీ తమ్ముడి పెళ్ళాం, శిక్షణకి ఎంపికైన మహారాణి, ఎంత తప్పు చేసిందో తెలుసా? అదీ మొదటి పేజీలోనే.”

“ఏం తప్పు?”

“మీకర్థం కాదులెండి.”

“అర్థమయ్యేలా చెప్పు. ఆ అమ్మాయికి నేర్పినదానివి, నాకు చెప్పలేవా?”

“ఆ, నేనే నేర్పాను. అదే నా ఖర్మ. వినండి. పాత వార్డులో ఏడాదికి వెయ్యిమందిలో పన్నెండుమంది పోయారు. కొత్త వార్డులో అయిదుగురు. కాబట్టి పాత వార్డు ఆస్పత్రిలో వైద్యం బాగాలేదు, డాక్టర్ని మార్చాలి. ఇదీ రిపోర్టు.”

“సరిగ్గానే ఉందిగా.”

“మీరూ అక్కడే పడ్డారు. పాత వార్డులో ఉండేదెవరు? అంతా పింఛను తీసుకునే ముసలివాళ్ళు. కొత్త వార్డులో? నిన్నగాక మొన్న పెళ్ళయినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. ముసలివాళ్ళు ఎక్కువున్న చోట చావులూ ఎక్కువే ఉంటాయి. అందులో డాక్టరు తప్పేముంది?”

“మరేం చెయ్యాలి?”

“ముందు వయసులు సమం చెయ్యాలి. రెండు వార్డుల్లోనూ ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, పిల్లలు ఒకే పాళ్ళలో ఉన్నారనుకుని, అప్పుడు చావులు లెక్కగట్టి పోల్చాలి. టీ తాగుతూ వేసి చూశాను. పాత వార్డే నయమని తేలింది. పాపం, ఆ డాక్టరు బంగారం.”

“ఇంత తెలిసిన ఆ అమ్మాయి ఎలా మర్చిపోయిందంటావు?”

“తలకెక్కితే అంతే. సగటంటే ఏంటో తెలియని మనిషికి బట్టలు మడతపెడుతూ నేర్పాను, ఇదే బల్ల దగ్గర. ఇప్పుడు ఏకు మేకై కూర్చుంది.”

“అలా అనకు. నలభై లోపు వాళ్ళకేనని రూలు పెట్టింది ఆఫీసు. నీకు దాటిపోయింది. మధ్యలో ఆ అమ్మాయేం చేసింది?”

“నాలుగు నెలలండీ. నాలుగంటే నాలుగు నెలలు దాటింది. ఆ వార్డులకి చేసినట్టు నాకూ ఎవరైనా వయసు సమం చేస్తే బాగుండు.”

“ఓర్వలేకపోతున్నావు నువ్వు.”

“అవును, ఓర్వలేకపోతున్నాను. ఏం, దాచుకోవాలా? పొద్దున్నే ఆ కొత్త సంచీ భుజాన వేసుకుని శిక్షణకి పోతుంటే నా కడుపు రగిలిపోతోంది. అత్తయ్య చూస్తే ఫోను ఎత్తినప్పుడల్లా చిన్నకోడలి గొప్పే. ఇన్నేళ్ళ నా ఉద్యోగం గురించి ఒక్కరికైనా చెప్పిందా?”

“మా అమ్మ సంగతి వదిలెయ్. ఆ తప్పు చెప్తావా, చెప్పవా?”

“అడగందే అమ్మైనా పెట్టదు.”

“అడిగిందిగా. పొద్దున నా ముందే అడిగింది. తప్పులుంటే మొహమాటపడకుండా చివరి పేజీలో రాయక్కా, కింద సంతకం పెట్టు అని.”

“రాశాను.”

“తప్పు రాశావా?”

“‘చూశాను, తప్పులేమీ లేవు’ అని రాశాను. సంతకం కూడా పెట్టాను.”

“నీకేమైనా మతి పోయిందా?”

“రేపు శిక్షణలో సారు ముందు నిలబడి చదువుతుంది కదా. వయసుల మాటేమిటని ఆయనే అడుగుతాడు. నీళ్ళు నములుతుంది. ఒక్కసారి నమలనివ్వండి. నాకు చాలు.”

“మరి ఆ డాక్టరు?”

“సారు చూడకుండా పోనివ్వడు. డాక్టరుకేం కాదు.”

“కొట్టెయ్. ఇప్పుడే ఆ పెన్ను తీసుకుని కొట్టెయ్.”

“గేటు చప్పుడయింది. వచ్చేసింది. మీరు నోరు విప్పకండి.”

“అక్కా, చూశావా? బావగారూ, అక్క చూసిందా?”

“నన్నడక్కమ్మా. మీ అక్కనే అడుగు.”

“చూశాన్లే. ముందు మంచినీళ్ళు తాగు.”

“తర్వాత తాగుతా. ఏదీ, ఇలా ఇవ్వు. చివరి పేజీలోనే కదా రాసింది? ఫోటో తీసి పంపించేస్తా. ఆరింటిలోపు పంపమన్నారు సారు.”

“చదువుకుని పంపమ్మా. తొందరేముంది?”

“అక్క రాసిందంటే ఇక నేను చదివేదేముంది బావగారూ?”

“అది కాదమ్మా, మీ అక్క ఇంకోసారి...”

“ఏవండీ, మీరు ఊరుకోండి.”

“పంపేశాను. హమ్మయ్య. ఇక చెప్పేస్తానక్కా, వారంనుంచీ నోరు కట్టేసుకుని చచ్చిపోతున్నా. అది నా రిపోర్టు కాదు.”

“నీది కాకపోతే ఎవరిది?”

“సారుది. కావాలనే తప్పు పెట్టి రాశారు. శిక్షణలో ఇంకో సీటు ఖాళీగా ఉంది. నేను రోజూ ఆయన ప్రాణం తోడేశాను. నాకు వచ్చిందంతా మా అక్క నేర్పిందే, నాలుగు నెలల కోసం అలాంటి మనిషిని వదులుకుంటారా అని. చివరికి సరేనన్నారు. ఇది నీ రిపోర్టని చెప్పి ఇవ్వు, పరీక్ష అని మాత్రం చెప్పకు, తప్పు పట్టుకుంటే వయసు సంగతి నేను చూసుకుంటా అన్నారు. సోమవారం నుంచి ఇద్దరం కలిసే వెళ్ళొచ్చు. ఇదిగో, నీకూ అలాంటి సంచీయే కొన్నాను. రంగు నచ్చకపోతే మారుస్తానన్నాడు షాపువాడు. నచ్చలేదా అక్కా? అలా కూర్చుండిపోయావేంటి?”

“ఆ సంచీ అక్కడ పెట్టమ్మా.”

“బావగారూ, ఏమైంది? ఉండండి, సారు ఏదో పంపారు. ‘ఇంతేనా’ అంటున్నారు. ఇంతేనా ఏంటి? ఏదీ ఆ పేజీ... ‘చూశాను, తప్పులేమీ లేవు.’ ఇదేంటక్కా?”

“నేను రాసిందే.”

“ఇందులో వయసులు సమం చెయ్యలేదు కదా. అది నాకు నేర్పిందే నువ్వు. నీకు తెలియకపోవడమేంటి? పని ఒత్తిడిలో చదవకుండానే సంతకం పెట్టేశావు కదూ? ఫోన్ చేస్తానుండు. అక్క చదవలేదు సార్, చదివితే ఇట్టే పట్టేది అని చెప్తాను.”

“చెయ్యమ్మా. మీ అక్కకి తెలుసు. టీ తాగుతూ...”

“మిమ్మల్ని ఊరుకోమన్నానా?”

“ఏం తెలుసు బావగారూ?”

“ఆయనకేం తెలియదు. ఫోన్ పెట్టెయ్. మొదటి పేజీనుంచి చివరిదాకా చదివాను. నాకు తెలియలేదమ్మా. మా అక్కకి అంత తెలియదని చెప్పు సారుకి.”