ఒన్నూరప్ప పట్నంలో ఇల్లు వెతికిన కత

ఒన్నూరప్ప పెండ్లాము కరియమ్మ ఉండె. తొమ్మిదో నెల పడిన మనిషి. సత్రం అరుగు మీద కాళ్ళు సాపుకోని కూచోనుండాదంట. పన్నెండు దినాలుగా ఆడనే. ఎందుకబ్బా అంటే, మొగుడు ఇల్లు వెతుకుతాండాడు. వెతుకుతానే ఉండాడు. వాళ్ళు కురుబోళ్ళప్పా, గొర్రెలు మేపుకోని కంబళ్ళు నేసుకునేటోళ్ళు. ఆ ఏడు గొర్రెలకు రోగమొచ్చి మందంతా పాయ. ఇంగ ఊర్లో ఏముంది, పట్నంలో అయితే చలికాలం కంబళ్ళకు బో గిరాకీ అంట పదమని, మగ్గం సామానంతా గాడిద మీదేసుకోని, నిండు మనిషిని నడిపించుకోని, కుక్కను ఎంటబెట్టుకోని వచ్చినాడు. ఇల్లే దొరక్కముందు కుక్క ఎందుకురా అంటారేమో, చెప్తా, కొంచెం ఓపిక పట్టండి. కరియమ్మ పన్నెండు దినాలు పట్టింది, మీరు ఒక్క గడియ పట్టలేరా?

ఏమైందంటే, కురుబోళ్ళలో ఒక అలవాటు ఉండాది. మంద తోలుకోని కొత్త సీమకు పోతారు గదా, యాడంటే ఆడ మంద నిలపరు. పెద్దాయన ముందు పోయి పిడికెడు మన్ను తీసి వాసన చూస్తాడు. నీళ్ళు ఎంత దూరమో అడుగులేసి చూస్తాడు. అన్నిటికన్నా మించి, కుక్కను ఇడుస్తాడు. కుక్క మూడు సుట్లు తిరిగి పండుకునిందనుకో, ఆ చోటు మంచిది, పామూ పురుగూ లేదు, తోడేలు వాసన లేదని లెక్క. పండుకోకుండా చెవులు నిక్కబెట్టుకోని నిలబడిందనుకో, పదండిరా నాయనా అని మందను లేపుకోని పోతారు. అడివిలో ఇది బాగానే ఉంటాది, నేను కాదనను. ఒన్నూరప్ప తాత అట్లే చేసె, నాయన అట్లే చేసె, ఒక్క గొర్రె పోల్యా. అయితే పట్నంలో గూడా అదే పని చేస్తే ఎట్లప్పా? ఈ మహానుభావుడు అదే చేసినాడు. ప్రతి వీధికీ కుక్కను తోడుకోని పోయేది, మన్ను తీసి ముక్కు కాడ పెట్టుకునేది, కుక్క పండుకుంటాదా పండుకోదా అని నడివీధిలో నిలబడి చూసేది. ఎవుడురా ఈడు, మన్ను వాసన చూస్తాండాడు అని జనం సుట్టూ చేరేది. అంతమంది నిలబడి చూస్తాంటే ఏ కుక్క పండుకుంటాది? పండుకోదు. పండుకోకపోతే సత్రానికి వచ్చి, "ఆ వీధి పనికిరాదే కరియీ" అని చెప్పేది. ఆమె కాళ్ళేమో వాచి పొంగిపోయినాయి. సత్రమాయన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి, "ఏమ్మా, ఈడ మూడు దినాలే ఉండనిచ్చేది. పోనీలే నిండు మనిషివని ఊరుకుంటాండా. కానీ ముందే చెప్తాండా, నొప్పులొస్తే మాత్రం లేసి బయటికి పోవాల్సిందే. సత్రంలో పురుడు పోసేదానికి లేదు" అనేవాడంట. లేసి బయటికి పోవాల్నంట! నొప్పులొచ్చినాక యాడికి పోతాది ఆమె, ఏ రాయి మీద కంటాది? ఆ మాట విన్నప్పటి నుంచి కరియమ్మకు కంటికి కునుకు లేదు. మొగునికి చెప్తే, "నేనుండా గదే" అన్నాడంట. ఆయప్ప ఉండేదే గదా ఆమె బాధ.

మూడో నాడో నాలుగో నాడో, కోమటోళ్ళు ఉండే పెద్ద వీధికి పొయ్యె. ఆడ ఎవురూ బయట లేరు, చల్లగా అరుగు నీడ, కుక్క మూడు సుట్లు తిరిగి హాయిగా పండుకునె. ఒన్నూరప్ప ఎగిరి గంతేసినంత పని చేసి, ఇంటాయనను పిలిచి బాడిగ అడిగినాడు. నెలకు మూడు కంబళ్ళు ఇయ్యి అన్నాడు ఆయన. ఈయప్ప నెలంతా వంగోని నేస్తే తేలేది మూడు కంబళ్ళు! పైగా ఇల్లంతా బండలు పరిచినారు. మగ్గానికి కాళ్ళు పెట్టుకునే గుంత తవ్వాల గదా, ఒక రెండు బండలు లేపుకుంటా సామీ అంటే, నీ ఇల్లు బంగారుగాను, నా ఇల్లు తవ్వుతావా అని కట్టె తీసుకున్నాడంట. అయినా సత్రానికి వచ్చి పెండ్లాంతో, "కుక్క పండుకునిందే!" అంటాడు. "బాడిగ కట్టినాక మనం ఏం తినాలయ్యా, ఆ కుక్కనా?" అనింది ఆమె. ఇంగోనాడు ఇంకో వీధికి పోతే, ఇంటి ముందర తాళం ఏలాడుతాంది, పక్కనున్నాయన వచ్చి, "మీరేమిటోళ్ళప్పా?" అని అడిగి, చెప్పంగానే, "ఇల్లు ఖాళీ లేదు" అన్నాడు. ఈయప్ప నమ్మి వచ్చేసినాడు! "తాళమేసిన ఇంట్లో ఎవురుండారయ్యా?" అని కరియమ్మ అడిగితే, "ఏమో, లోపల పండుకోనుంటారేమో" అన్నాడంట. నవ్వాకండి. కడుపుతో ఉండే ఆడమనిషి ఈ మాట విని ఎట్ల తట్టుకోవాల, అది చెప్పండి ముందు.

పదో నాడు పరిగెత్తుకుంటా వచ్చినాడు. "దొరికింది, లేయ్ కరియీ, బాడిగ బో తక్కువ, మన్ను నేల, కుక్క పండుకోని లేయమన్నా లేయల్యా!" సరే, ఇన్నాళ్ళకు ఒక మంచి మాట అన్నాడని, ఆమె గోడ పట్టుకోని లేసి, వాచిన కాళ్ళతో నడుచుకుంటా పొయ్యె. పోయి చూస్తే సారాయంగడి సందు. ఇద్దరు మొగోళ్ళు గల్లాలు పట్టుకోని తన్నుకుంటాండారు, ఇంగోడు కాలవలో పడిపోయి ఉండాడు. కుక్క ఎందుకు పండుకునిందయ్యా అంటే, ఎవురో కూర తిని ఎముక పారేసినారు, అది కొరుకుతాంది. "ఈ సందులో నేను నీళ్ళకు ఎట్ల పోవాలయ్యా? రేపు ఆడబిడ్డ పుడితే వాకిట్లో యాడ ఇడవాల?" అని అడిగింది. "కుక్క పండుకుని..." అన్నాడు. మాట పూర్తి కానీల్యా ఆమె. ఎనక్కి తిరిగి సత్రం దాకా నడిచింది. అరుగు మీద కూచోని, అప్పుడు తిట్లు ఎత్తుకునిందప్పా. "నీ కుక్క కాదయ్యా కనేది! నేను! నీ తాత గొర్రెలకు చోటు చూసినాడు, గొర్రెకు నొప్పులొస్తే గొర్రే చూసుకుంటాది, నాకొస్తే ఒక మనిషి రావాల! మన ఊర్లో నేను అయ్యో అంటే ఇరవై మంది వస్తారు, ఈడ ఎవురొస్తారు? ఆ మాట ఒక్క వీధిలో అన్నా అడిగినావా? మన్ను వాసన చూసినావు, మనుషుల్ని చూసినావా?" అని, తిట్టి తిట్టి, కడాకు ఏడ్చిందంట. ఏడుస్తాంటే ఒన్నూరప్ప ఏం చెయ్యాల్నో తెలీక కుక్క చెవులు నిమురుతా కూచున్నాడు. చూస్తిరా ఆ పని!

ఇంగ రెండు దినాలు కరియమ్మ అరుగు మీద కూచోని ఆలోచన చేసె. పన్నెండో నాడు పొద్దున లేసి, "పద, ఈపొద్దు నేను చూస్తా. నీ మాదిరి కాదు, నా మాదిరి చూస్తా" అనింది. ఆమె మాదిరి ఏందంటే, వీధి నడిమిలో నిలబడి నొప్పులొచ్చినట్ల గట్టిగా కేకేస్తాదంట. మొగుడు పక్కన నిలబడి ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో ఎంచాలంట. ఎక్కువ తలుపులు తెరుచుకునే వీధిలో, పూరి గుడిసె అయినా సరే, ఆడ ఉండాల. "అది సరే గానీ, మన్ను..." అని నోరు తెరిచినాడు. ఆమె ఒక చూపు చూసింది. మూసుకున్నాడు.

మొదట పెద్ద వీధికి పోయినారు. ఆమె నడుం పట్టుకోని, "అయ్యో! చస్తినమ్మో!" అని కేకేసింది. తెరిచి ఉండే రెండు కిటికీలు టపటపా మూసుకున్నాయి. ఒకాయన మేడ మీద నుంచి, "ఏయ్, అవతలికి పోయి అరుచుకో పో" అన్నాడు. ఒన్నూరప్ప వేళ్ళు మడిచి, "తెరిచింది ఒకటీ లేదు, మూసినవి రెండు" అని చెప్పె. రెండో వీధికి పోయినారు. ఆడ కేకేస్తే, అబ్బా, ఎంతమంది వచ్చినారనుకున్నావు! పదైదు తలుపులు తెరుచుకున్నాయి, ఆడోళ్ళు, మొగోళ్ళు, ముసిలోళ్ళు. ఒన్నూరప్ప సంతోషంగా ఎంచుతాండాడు. కానీ అరుగుల మీదకు వచ్చి నిలబడినోళ్ళు నిలబడినట్లే ఉండారు. ఒక్కరూ మెట్టు దిగల్యా. ఒకామె శెనక్కాయలు ఒలుచుకుంటా, "ఏమాయనమ్మా ఆమెకు?" అని పక్కింటామెను అడుగుతాంది, మన కరియమ్మను కాదు. వీధి నాటకం చూసినట్ల చూసి, ఆమె కేకలు ఆపినాక, ఇంతేనా అన్నట్ల లోపలికి పోయినారు. "పదైదు!" అన్నాడు ఒన్నూరప్ప. "పద" అనింది కరియమ్మ. ఇంగేమనాల ఆయప్పను?

ఇంగ మిగిలింది దూదేకులోళ్ళ వీధి. ఆ వీధి సంగతి సత్రమాయన ముందే చెప్పినాడు, ఆడికి మాత్రం పోవాకండి, దూది దుమ్ము, ఇంటింటికీ విల్లు పెట్టి దూది ఏకుతాంటారు, పొద్దంతా డంయ్ డంయ్ మని మోత, మనిషి అరిస్తే గూడా ఇనపడదు అని. నిజమే. పోంగానే కుక్క తుమ్మడం మొదలుపెట్టె. ఆమె కేకేసింది. డంయ్ డంయ్. ఇంకా గట్టిగా కేకేసింది. డంయ్ డంయ్ డంయ్. ఒక్కరూ తల ఎత్తల్యా. "సున్నా" అన్నాడు ఒన్నూరప్ప. అప్పుడు ఏమైందంటే, ఆమె మూడోసారి కేకేద్దామని గాలి పీల్చుకునింది చూడు, నడుములో కత్తి దిగినట్ల అయ్యి, ఆడనే కూలబడిపాయ. నిజం నొప్పులు! పొద్దున్నుంచి రెండు వీధులు దద్దరిల్లేటట్ల అరిచిన మనిషికి, ఆ గడియలో నోట్లో నుంచి చిన్న కేక గూడా రాల్యా. నోరు తెరిచింది, గాలి వచ్చింది, అంతే. మొగుడు పైనుంచి చూసి, "కరియీ, ఇట్ల మూలిగితే ఎవురికి ఇనిపిస్తాది? గట్టిగా అరువు. అదీగాక ఈడ తలుపులే లేవే, అన్నిటికీ గోనెపట్టలు కట్టినారు, నేను ఏమని ఎంచాల?" అన్నాడంట! ఆమె ఆయప్ప కాలు పట్టుకోని గిచ్చిందంట, ఇంగేం చేయలేక.

ఎవురూ ఇనల్యా గానీ, ఒకామె చూసింది. హుసేనమ్మని ముసలామె, ఇంటి ముందర పరుపులోకి దూది కూరుతాండె. ఈమె కూచున్న తీరు చూసింది. అంతే, చేతిలో దూది ఆడనే పారేసి, "ఒరే ఆపండ్రా!" అనింది. పక్కింటి విల్లు ఆగింది. దాని పక్కది ఆగింది. అట్ల ఒకదాని ఎనక ఒకటి, వీధి కడాకు పోయేదాకా అన్నీ ఆగిపోయినాయంట. అంత మోతలో బతికే వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమై, ఆ నిశ్శబ్దంలో గోనెపట్టలు ఎత్తుకోని ఆడోళ్ళు వచ్చినారప్పా, తల నిండా దూది, రెప్పల మీద దూది. ఎవురమ్మా నువ్వు, ఏ ఊరు అని ఒక్కరూ అడగల్యా. ఇద్దరు చంకల కింద చెయ్యేసి లేపినారు, ఒకామె నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. కరియమ్మకు ఆ నొప్పిలోనే ఏడుపొచ్చిందంట, నొప్పికి కాదు. ఒన్నూరప్ప మాత్రం ఇంకా ఆడనే నిలబడి, "పదకొండు... పన్నెండు..." అంటాంటే, హుసేనమ్మ వచ్చి చేతిలో బిందె పెట్టి, "ఎంచింది చాల్లే నాయనా, పోయి నీళ్ళు తే" అనింది. హుసేనమ్మ ఇంట్లోనే, కొత్తగా ఏకిన దూది మీద పాత చీర పరిచి పండుకోబెట్టినారు. ఎవురో షావుకారు పరుపుకని ఏకిన దూది అది. పొద్దు వాలకముందే ఆడబిడ్డ పుట్టింది.

ఇంతటితో బుద్ధి వచ్చుంటాదని అనుకుంటాండారు గదా మీరు? ఒన్నూరప్పకా? బిడ్డ ఎనక పడిన మావి పూడ్చాల గదప్పా. కురుబోళ్ళలో మావి యాడ పూడిస్తే, బిడ్డ నడిచేదాకా ఆ ఇల్లు ఇడవగూడదు. హుసేనమ్మ గడ్డపార ఇచ్చి, "ఎనక మూల తవ్వుకో నాయనా" అంటే, ఈయప్ప తల గోక్కుంటా, "అవ్వా, ఇల్లు ఇంకా ఖాయం కాలేదు గదా, కుక్క తుమ్ముతాంది, ఆలోచించి..." అన్నాడు. లోపల్నుంచి, బిడ్డను కన్న మనిషి, లేసి కూచునే శక్తి గూడా లేదు, "తవ్వు!" అని అరిచింది చూడు, అప్పటికి మళ్ళీ మోగుతాండే విండ్లు ఆ కేకకు ఇంగోసారి ఆగినాయంట. తవ్వినాడు. "ఆ పక్కనే మగ్గం గుంత గూడా తవ్వుకో, మన్ను నేలే నాది" అనింది హుసేనమ్మ. బాడిగ ఎంత అని అడుగుతాండావు నువ్వు, నాకు ఇనిపిస్తాంది. నువ్వూ ఒన్నూరప్ప లాంటోడివే. ఏడాదికి ఒక కంబళి ముసలామెకు కప్పుకునేదానికి, ఇంత ఉన్ని దారం. చాలునా?

మూడు నెలలకు ఒకనాడు, మద్యాన్నం సంగటి తింటాండారు. వీధి కొసన ఎవురో ఆడమనిషి గొంతు, అయ్యో అని, పెద్దగా గూడా కాదు. కరియమ్మ చెయ్యి గూడా కడగల్యా. బిడ్డను మొగుని ఒళ్ళో పడేసి, గోనెపట్ట ఎత్తి పరిగెత్తింది. "యాడికే? ఎవురే?" అంటానే ఉండాడు ఈయప్ప, ఆమె సందు మలుపు దాటిపాయ. పొద్దు వాలినాక వచ్చింది. చేతికి అంటుకున్న సంగటి ఎండిపోయి ఉండాది, చీరంతా తడి. "మొగబిడ్డ" అనింది. "ఎవురికి?" అన్నాడు. "ఏమో, ఇంకా పేరు అడగల్యా" అనింది. అని, మొగుని ఒళ్ళోనుంచి బిడ్డను తీసుకోని పాలిస్తా కూచునిందంట.

అంతేనప్పా. పట్నంలో బాడిగిల్లు చూసుకునేదానికి మీలో ఎవురన్నా పోయేదుంటే, ఏ వీధి మంచిదో నన్ను అడగాకండి, నాకేం తెలుసు, నేను ఈ మిట్ట దిగి పోయినోన్ని కాదు. ఒక్కటి మాత్రం చెప్తా. పెండ్లాన్ని సత్రంలో కూచోబెట్టి మీరొక్కరే పోవాకండి. ఇంగ లేయండి, నాకు నిద్దరొస్తాంది.