పెద్ద కుక్కర్

అమెరికాలో కమ్మింగ్ అనే ఊళ్లోని ఓ ఇంట్లో భార్యాభర్తలు నది మధ్య దీవి పార్కులో క్యాంపింగ్‌కి వంటగది, పడకలు ఉన్న ఆర్‌వీ బండిలో సామాను సర్దుతున్నారు.

"ఆ చిన్న కుక్కర్ తీసి పెద్దది పెట్టు."

"మన నలుగురికి అంతదెందుకండీ?"

"పెట్టమన్నానా? ప్రతిదానికీ వాదనే!"

"ఇంకెవరొస్తున్నారు?"

"నా ఫ్రెండ్ జితేందర్ వాళ్లు. వేరే ఆర్‌వీ బుక్ చేసుకున్నారులే."

"ఈసారి మన నలుగురమే వెళ్దాం అన్నారు. పోయినసారి మీరంతా బోటెక్కితే నేను కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ కూర్చున్నాను. అందుకేగా మాటిచ్చారు?"

"నీ బిర్యానీ అంటే వాళ్లకి ప్రాణం. చేస్తావని చెప్పేశాను."

"నాకు చెప్పడం మాత్రం మర్చిపోయారు."

"చెబితే ఒప్పుకునేదానివా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. మర్చిపోలేదన్నమాట, కావాలనే దాచాడు.

భోజనాల దగ్గర పిల్లలకి పెరుగు వడ్డిస్తూ నెమ్మదిగా చెప్పింది.

"పెద్ద కుక్కర్ ఆర్‌వీలో పెట్టేశాను. బిర్యానీ డాడీ చేస్తారు. నేను రావడం లేదు."