పెద్ద పంజా

షెడ్డులో చిన్న ట్రాక్టరు ముందు దుంగలు ఎత్తే ఇనుప పంజా బిగించి, మరిది చేతులు తుడుచుకుంటున్నాడు. అప్పుడే వదిన వచ్చింది.

“ఎవర్నడిగి తెచ్చావు దీన్ని?”

“అడగడానికేముంది వదినా? కొట్లో ఇదే పెద్దది. ఎంత లావు దుంగైనా పట్టేస్తుంది.”

“ఈ బండి ఎత్తేదే నాలుగొందల కిలోలు. నీ పంజా ఒక్కటే మూడొందలుంది. ఇంక దుంగనేం ఎత్తుతుంది, నీ తలకాయా?”

“వెనక బరువు కడదాం.”

“కడితే బండి తిరగబడదేమో గానీ, ఎత్తే బలం పెరుగుతుందా? ఆ వెనక బరువు కూడా అక్కర్లేదని అప్పుడు మీ అన్నకి చెప్పిందెవరు?”

“ఆ వాలులో అన్నయ్య బండి తిరగబడింది నా నెత్తిన రుద్దకు.”

“ఏడాదిగా మంచం దిగలేదాయన. ఇప్పుడు నడిపేది నేను. అంత నమ్మకముంటే నువ్వే ఎక్కి, దుంగెత్తుకుని ఆ వాలు దిగు. తాళం బండికే ఉంది.”

అతను తాళం వైపు చూశాడు గానీ కదల్లేదు.

“రేపు చిన్నది తెస్తాలే.”

“ఇప్పుడే విప్పు.”

అతను మోకాళ్ల మీద కూర్చుని పిన్నులు లాగడం మొదలుపెట్టాడు.

“అన్నయ్యకి మాత్రం చెప్పకు.”

“నేను చెప్పక్కర్లేదు. మంచం కిటికీ పక్కకి జరిపించుకుని పొద్దున్నించీ నిన్నే చూస్తున్నాడు.”