తిరుగు టిక్కెట్లు

ఉక్కు ప్లాంటు కాలనీ కద్మాలోని క్వార్టరులో నూకమ్మ బట్టల సంచి ముందేసుకుని కూర్చుంది. మనవరాలు ఉజ్వల రేపటి రాంచీ బస్సుకి ఫోనులో టిక్కెట్లు తీస్తోంది.

“మళ్ళీ సంచి విప్పేశావేంటి మామ్మా? పొద్దున్న ఆరింటికి బస్సు.”

“నడుం నొప్పెడతందే. నువ్వే ఎల్లు. నీ రూము నువ్వు సూసుకుంటే నేను సూసినట్టే.”

“నడుమా? ఇందాక మోకాలన్నావు. అంతకుముందు కళ్ళు తిరుగుతున్నాయన్నావు.”

“అన్నీ ఉన్నాయే. ఒకటొకటే సెప్తన్నాను.”

“అరే, సున్ తో, విను! సోమవారం అక్కడ ఉద్యోగంలో చేరాలి. నేనుండే ఊరు నీకు చూపించొద్దా? రాజధాని కదా అని భయపడకు. ప్రశాంతమైన ఊరే. మన ప్లాంటు సైరన్లుండవు. ఊరి నడుమ పెద్ద చెరువు. సాయంత్రమైతే చల్లగాలి. గుట్ట మీద జగన్నాథుడి గుడి, అచ్చం పూరీ గుడిలాగే. బస్సు దిగ్గానే వేడివేడి ధుస్కా తిందాం.”

“అదేటి?”

“బియ్యం, శనగపప్పు రుబ్బి నూనెలో వేస్తారు. మన గారెకి చెల్లెలు.”

“గారెలు ఇంటికాడే వండుతాను గానీ... తిరుగు టిక్కెట్లు తీసినావేటి?”

“తీస్తున్నా.”

“ఎన్ని?”

“రెండు. నీకూ, నాకూ.”

“ఏదీ, ఫోనిలా సూపించు.”

“నీకు చదవడం రాదు కదా!”

“అంకెలు తెలుసే.”

“ఇది నాలుగోసారి అడగడం. ఏమైంది నీకు?”

“మొన్న గ్యాసు కట్టడం మర్చిపోనాను కదా...”

“అయితే?”

“మీ అమ్మ కసిరింది. మరి... రాంచీలో ఆ ఆసుపత్రుంది కదే.”

“పిచ్చాసుపత్రా? హే రామ్! గ్యాసు మర్చిపోతే నిన్ను అక్కడ వదిలేస్తాననుకున్నావా?”

“అరవకే. మీ అమ్మ వింటది.”

“మామ్మా, నీ మీద ఒట్టు. పొద్దున్న వెళ్దాం, గుడి చూద్దాం, కడుపునిండా తిందాం, సాయంత్రానికి వచ్చేద్దాం.”

“ఆ మాటలనకు.”

“ఏ మాటలు?”

“ఇయ్యే. గుడి సూద్దాం, తిందాం, సాయంత్రానికి వచ్చీద్దాం. తల్లో పూలు పెట్టి మరీ సెప్పినాను.”

“ఎవరికి?”

“పైడమ్మకి. మీ తాత సెల్లెలికి.”

“ఆవిడ జ్వరమొచ్చి పోయిందన్నారు కదా!”

“అందరికీ అలగే సెప్పినాం. బిడ్డ పోయాక రోజూ ప్లాంటు గేటు కాడ కూకుని ఏడిసీది. వచ్చీపోయీవోళ్ళు నవ్వీవోరు. మీ తాతా, నేనూ రైలెక్కించి తీసుకెల్లినాం. ముప్పై ఎనిమిదేళ్ళయింది. అప్పుడిది బీహారు. ఆసుపత్రిలో సేర్సిన కాగితం మీద ఏలుముద్ర నాదే. ‘తిరుగు టిక్కెట్లు తీసినావా వదినా?’ అని దారంతా అడిగింది. తీసినానన్నాను.”

“తీశావా?”

“తీసినాను. రెండు.”

“...మళ్ళీ వెళ్ళలేదా?”

“ఏ మొకం పెట్టుకుని? వదిలీసి వచ్చీటప్పుడు వారానికి వత్తానన్నాను.”

“మామ్మా, ఇన్నేళ్ళయింది. ఆవిడ ఉందో లేదో!”

“నాకంటే నాలుగేళ్ళు సిన్నది. నేనున్నాను కదేటే?”

“సరే, సరే, ఏడవకు. రాంచీ వద్దులే. కేన్సిల్ చేసేస్తా.”

“కేన్సిలొద్దు. పెట్టిలో పైడమ్మది పసుప్పచ్చ కోకుంది, అదీ సంచిలో పెట్టు. తిరుగు టిక్కెట్లు మూడు తియ్యి.”